మా ఊరి చావిడి గోడ మీద యుద్ధపు పలక: 23 మందా, 28 మందా? పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

పాత తపాలా రాశారు:

అందరికీ నమస్కారం. నేను 31 ఏళ్ళు బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాను. మాది చీరాల వైపు ఓ చిన్న పల్లె. పుట్టినప్పుడు గుంటూరు జిల్లా, పెళ్ళినాటికి ప్రకాశం, ఇప్పుడు బాపట్ల. ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు మారాను. ఊరి పేరు మాత్రం చెప్పను, ఎందుకో కింద తెలుస్తుంది.

మా ఊళ్ళో పాత చావిడి ఉంది. మునసబు, కరణం కూర్చునే రోజుల నాటిది. వీధి వైపు గోడలో మూరెడు పొడవు పాలరాతి పలక ఒకటి బిగించి ఉంది. ఇంగ్లీషులో మూడు ముక్కలు: ఈ గ్రామం నుంచి 1914–1919 మహాయుద్ధానికి 23 మంది వెళ్ళారు, వారిలో 3 మంది ప్రాణాలు అర్పించారు. అంతే. ఒక్క పేరు లేదు. చిన్నప్పుడు మాకది గురి చూసి రాళ్ళు విసిరే పలక. కుడివైపు కింది మూల పెచ్చు ఊడింది, ఆ రాయి నాదే. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను.

ఇప్పుడు చావిడి పడగొట్టి కొత్త భవనం కడుతున్నారు. గోడ వచ్చే వారం నేలమట్టం. కాంట్రాక్టరును పలక సంగతేంటని అడిగితే, "ఇంకేముంది బాబాయ్, రబ్బీషులో పోద్ది" అన్నాడు. సర్పంచి దగ్గరికెళ్దామంటే వాళ్ళిద్దరూ బావాబావమరదులు.

నా సందేహాలు రెండు. ఎప్పుడో జెండా పండగకి ఎవరో అక్షరాల్లో నల్లరంగు నింపారు. రంగు చూస్తే 23, వేలు పెట్టి తడిమితే రెండో అంకె 8 లాగా తగులుతోంది. ఏది నిజం? రెండోది, అసలు ఈ మనుషులెవరు? ఊళ్ళో ఎవరినడిగినా "ఏమో, మిలటరీ వాళ్ళంట" అంటున్నారు. నేను చేరిన కొత్తలో మిలటరీ పెన్షను తీసుకునే ముసలమ్మ ఒకావిడ ఉండేది. నెల నెలా వేలిముద్ర వేయించుకుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవాణ్ణి. ఏ యుద్ధం, ఎవరు పోయారు అని ఒక్కనాడూ అడగలేదు. క్యూలో జనం ఉండేవాళ్ళు మరి.

---

మద్రాసు సాపర్ రాశారు:

మాస్టారూ, నమస్తే. మద్రాసు ఇంజనీర్ గ్రూపులో సుబేదారుగా రిటైరయ్యాను. అలాంటి పలకలు ఆ యుద్ధం తర్వాత సర్కారు దేశమంతా వేల గ్రామాల్లో పెట్టించింది. అన్నిటి మీదా అదే వాక్యం, అంకెలే వేరు. 1919 ఎందుకంటే, కాల్పులు ఆగింది 1918 నవంబరులోనైనా వెర్సేల్స్ ఒప్పందం మీద సంతకాలు పడింది 1919 జూన్‌లో.

పేర్ల కోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో వెతకండి, డబ్బు కట్టక్కర్లేదు. చనిపోయిన వాళ్ళే ఉంటారు, తిరిగొచ్చిన వాళ్ళు ఉండరు. ఇంటిపేరుతో వెతికితే ఏమీ రాదు. "అదనపు సమాచారం" అనే గడి ఉంటుంది. చాలామందికి అందులో తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా రాసి ఉంటాయి. అక్కడ మీ ఊరి పేరు కొట్టండి.

కానీ ఏ స్పెల్లింగుతో కొట్టాలన్నదే తలనొప్పి. రాసినవాడు దొర, చెప్పినవాడు తమిళ హవల్దారు, విన్నది ఇంకెవరో గుమాస్తా. వెంకటస్వామి కాస్తా వెంకటసామీ, గురవయ్య కాస్తా గురువయ్యా అయిపోయి ఉంటారు. మీ ఊరికి కనీసం ఆరేడు రకాల స్పెల్లింగులు రాసి పెట్టుకోండి. జిల్లా పేరు ఆనాటిదే వేయాలి. మీకు గుంటూరు సరిపోతుంది, అది 1904లోనే ఏర్పడింది. ఏలూరు వైపు వాళ్ళు పశ్చిమ గోదావరి అని కొడితే పని జరగదు, ఆ జిల్లా పుట్టిందే 1925లో. అంతకు ముందు అది కృష్ణా.

మనవాళ్ళు ఎక్కువగా పోయింది మెసపటోమియాలో, అంటే నేటి ఇరాక్. అక్కడ బస్రా స్మారకం మీద ఇంకో సంగతి ఉంది. తెల్లవాళ్ళకి సిపాయి నుంచి పైదాకా అందరికీ పేరు చెక్కారు. మనవాళ్ళలో ఆఫీసర్లకే పేరు. మామూలు జవాన్లయితే ఫలానా రెజిమెంటు, ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. 2021లో కమిషనే ఒక నివేదికలో ఒప్పుకుంది, ఆసియా, ఆఫ్రికా వాళ్ళు 45 వేల నుంచి 54 వేల మందికి మిగతావాళ్ళతో సమానమైన గుర్తింపు దక్కలేదని. మీ ఊరి పలక కూడా అదే బాపతు. అయితే రాతి మీద లేని పేర్లు చాలావరకు జాబితాలో ఉన్నాయి, అందుకే వెతకమంటున్నాను.

సిపాయి, సాపర్ (ఇంజనీరు దళం జవాను) అని మాత్రమే చూసి ఆగకండి. ఫాలోయర్ అని ఉన్నవీ చూడండి. వంటవాడు, భిస్తీ (నీళ్ళు మోసేవాడు), పాకీవాడు, గాడిదల్ని తోలేవాడు, అందరూ అందులోకే వస్తారు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊరైతే ఇంత కష్టం లేదు. మిలటరీ మాధవరం అని పేరే పడింది, ఇంటింటికీ ఒక సిపాయి కథ ఉంటుంది. మీలాంటి ఊళ్ళతోనే చిక్కు.

---

నిక్కచ్చి రాశారు:

పెద్దవాళ్ళు, ఏమీ అనుకోకండి. ఆ పలక మీద 1919 అని ఉంది కదా. అదే ఏడాది ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్. తెల్లోడి జీతానికి తెల్లోడి యుద్ధం చేసిన వాళ్ళకి మనం ఇప్పుడు దీపం పెట్టాలా? పలక పోతే పోయింది.

---

మద్రాసు సాపర్ రాశారు:

తమ్ముడూ, 1918లో ఖేడా జిల్లాలో గాంధీగారే సైన్యంలో చేరమని ఊరూరా తిరిగారు. అప్పటి లెక్కలు అప్పటివి. దీపం పెట్టమని ఎవరూ అనలేదు, పేరు కనుక్కుందామంటున్నాం.

---

చర్చి వీధి రాశారు:

పోస్టుమాస్టరు గారూ, ఊళ్ళో ఎవరినడిగినా తెలియదన్నారు కదా. ఏమనుకోకండి, మీరు ఊళ్ళో అడిగారు. పల్లెలో, అంటే దళితవాడలో అడిగారా? మద్రాసు సైన్యంలోకి, పయనీర్లలోకి, కూలి దళాల్లోకి మా వాళ్ళు చాలామంది వెళ్ళారు. ఇక్కడ ఊరి బావిలో నీళ్ళు తోడుకోనివ్వలేదు గానీ అక్కడ బూట్లిచ్చారు, జీతమిచ్చారు. పలక మాత్రం ఏ చావిడి అరుగెక్కనివ్వలేదో ఆ చావిడికే కొట్టారు. మా వాళ్ళు దగ్గరికెళ్ళి చదివే వీలే లేదు, ఇక గుర్తెలా ఉంటుంది?

మా నాయనమ్మగారింట్లో నీళ్ళ చెంబు మీద మూతగా ఒక కంచు బిళ్ళ ఉండేది. అరచేయంత, గుండ్రంగా. దాని మీద సింహం పక్కన నిలబడ్డ అమ్మ బొమ్మ, ఒక చిన్న చట్రంలో ఇంగ్లీషు అక్షరాలు ఉబ్బెత్తుగా. నాయనమ్మ దాన్ని "దొరసాని బిళ్ళ" అనేది. నేను టీచర్ ట్రైనింగులో ఉండగా ఒకసారి చింతపండుతో తోమి చదివాను. మా తాతగారి అన్నయ్య పేరు. ఆ యుద్ధంలో పోయిన ప్రతి ఒక్కరి ఇంటికీ పంపిన బిళ్ళ అది, పేరు ఉంటుంది, హోదా ఉండదు. సుబేదారైనా వంటవాడైనా ఒకటే వరస. ఆ చట్రం ఒక్కటే మా ఇంట్లో ఆయన పేరున్న చోటు.

మెడల్ కూడా ఉండేదట. వెండిది కావడంతో కరిగించి మా మేనత్త పెళ్ళికి పట్టీలు చేయించారు. ఆ మెడల్ అంచు చుట్టూ నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీ పల్లెలో పాత ట్రంకుపెట్టెలున్న ఇళ్ళకెళ్ళి అడగండి. బొమ్మ వైపు కాదు, అంచు చూడమనండి.

ఇంకొకటి. మీ వైపు బాప్టిస్టు సంఘాలు పాతవి. సంఘ సభ్యుల రిజిస్టరు అడగండి. ఎవరు ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు, ఎవరు వేరే చోటికి వెళ్ళారు, ఎవరు పోయారు, అన్నీ పాస్టర్లు చేత్తో రాసేవాళ్ళు. చెదలు పట్టకుండా ఉంటే మీ పని సగం అయినట్టే.

---

రాళ్ళ పిచ్చి రాశారు:

ముందు పలక సంగతి చూడండి సార్, పేర్లు తర్వాతైనా వెతకొచ్చు.

అంకె తేల్చడానికి: చీకటి పడ్డాక వెళ్ళండి. టార్చి ఎదురుగా వేయొద్దు. గోడకి దాదాపు ఆనించి పక్క నుంచి వేయండి, ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి పైనుంచి. చెక్కిన గాడిలో నీడ పడుతుంది, రంగు అబద్ధం చెప్పినా నీడ చెప్పదు. ఫోన్‌తో నాలుగు వైపుల వెలుగులో ఫోటోలు తీసి పెట్టుకోండి. పిండి, పసుపు పూసి చదవకండి. బాత్రూం యాసిడ్ జోలికి అస్సలు పోవద్దు. పాలరాయి సున్నపు జాతి, యాసిడ్ తగిలితే నురగొచ్చి అక్షరం అంచు కరిగిపోతుంది. మామూలు నీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. ఇనుప పీచు వద్దు.

తీసేటప్పుడు పలక కింద గడ్డపార పెట్టి ఎత్తనివ్వకండి, నడిమికి విరుగుతుంది. ఆ కాలపు గోడ సున్నంతో కట్టింది, సిమెంటులా పట్టి ఉండదు. చుట్టూ ఒక వరస ఇటుకలు ఉలితో వదులు చేసి, వెనక ఇటుకలతో సహా బయటికి లాగించండి. వెనక అంటుకున్నది తర్వాత నిదానంగా గీకొచ్చు. నిలువుగా మోయాలి, పడుకోబెట్టి కాదు.

కాంట్రాక్టరుకి ఒక మాట చెప్పి చూడండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన శాసనం పురావస్తువు కిందికి వస్తుంది. మీ పలకకి నూరేళ్ళు నిండినట్టే. తహసీల్దారుకి ఒక కాగితం పెట్టి ఫోటో అంటించండి. రబ్బీషు అన్న మాట ఇక రాదు.

నిక్కచ్చి గారికి ఒక్క ముక్క. మన ఊళ్ళ పొలిమేరల్లో వీరగల్లులు, అంటే పోరులో చచ్చిన వీరుల రాళ్ళు చూశారా? కింది అరలో పోట్లాట, మధ్య అరలో అప్సరసలు ఆయన్ని పైకి తీసుకుపోతుంటారు, పై అరలో శివలింగం, ఆ పైన సూర్యచంద్రులు. చాలావాటి మీద పేరుండదు. ఏ రాజు కోసం, ఎవరి ఆవుల మంద కోసం చచ్చాడో తెలియదు. అయినా పసుపు రాస్తూనే ఉన్నారు. కారెంపూడిలో కార్తీకంలో పల్నాటి వీరుల కొణతాలు (వాళ్ళ ఆయుధాలు) ఇప్పటికీ ఊరేగుతాయి, బ్రహ్మనాయుడి పక్షమా నాగమ్మ పక్షమా అని చూసి దణ్ణం పెట్టేవాళ్ళెందరు?

---

నిక్కచ్చి రాశారు:

కొణతాల మాట ఒప్పుకుంటాను. తెల్లోడి పలక మాట ఇంకా ఒప్పుకోను. కానీ ఆ దొరసాని బిళ్ళ ఫోటో ఉంటే పెట్టండి మేడమ్, చూడాలనుంది.

---

పాత తపాలా రాశారు:

అందరికీ వేల నమస్కారాలు. పది రోజులైంది, జరిగింది చెప్తాను.

టార్చి పట్టుకుని రాత్రి తొమ్మిదింటికి వెళ్ళాను, కుక్కలు వెంటపడ్డాయి. పక్క నుంచి వెలుగు వేయగానే ఎడమ వైపు రెండు అరచందమామలూ తేలాయి. 28. రంగు పూసినవాడు సగం అంకెకే పూశాడు. అయిదుగురు మనుషులు పెయింటు డబ్బాలో పోయారన్నమాట.

చట్టం మాట చెప్పగానే కాంట్రాక్టరు గొంతు మారింది. తనే మేస్త్రీని పిలిచి ఇటుకలతో సహా తీయించాడు. సర్పంచి కొత్త భవనం వరండాలో పెడదామన్నాడు. తీర్మానం రాసి సంతకం పెట్టేదాకా ఇవ్వనన్నాను. పలక మా ఇంట్లో మంచం కింద గోనెపట్టాలో ఉంది. మా ఆవిడ ఆ గది ఊడవడం మానేసింది.

చర్చి వీధి మేడమ్ గారూ, మీరన్నది నిజం. నేను పల్లెలో అడగలేదు. 31 ఏళ్ళు రోజూ ఉత్తరాలిచ్చిన వీధే, అడగాలని తోచలేదు. మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు గారు బీరువాలోంచి రిజిస్టరు తీశారు. పేజీలు అప్పడాల్లా విరుగుతున్నాయి. ఒక పేరు ఎదురుగా ఎర్ర సిరాతో "బస్రాలో ప్రభువునందు నిద్రించెను" అని ఉంది. తండ్రి పేరు, ఇంటిపేరు స్పష్టంగా ఉన్నాయి. సుబేదారు గారు చెప్పినట్టు ఊరి పేరు అయిదో స్పెల్లింగుతో కొడితే జాబితాలో అదే తండ్రి పేరుతో ఒకాయన వచ్చాడు. సిపాయి కాదు, ఫాలోయర్. పేరులో మాత్రం రెండక్షరాలు తేడా.

ఆయన తమ్ముడి మునిమనవడు మా ఊళ్ళోనే ఆటో నడుపుతాడు. ఫోన్లో చూపించాను. చాలాసేపు చూసి, "పేరు తప్పు పడింది మాస్టారూ, ఇది మార్పించొచ్చా?" అన్నాడు. దానికి ఎవరికి రాయాలో సుబేదారు గారు చెప్పాలి.

ఇంకా ఇద్దరు మిగిలారు. చెరువు గట్టు వైపు ఒక ముసలాయన ఇంట్లో ట్రంకుపెట్టె ఉందట, తాళంచెవి పెద్దకొడుకు దగ్గరుందట. కొడుకు శనివారం వస్తాడు.