నమ్మకం లేనివాడు ఇల్లాలి మొక్కు తీర్చవచ్చా?

అలిపిరి నడక (తిరుపతి):
మా అబ్బాయికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయిన రాత్రి, ఆస్పత్రి వరండాలో కూర్చుని మా ఆవిడ మొక్కుకుంది. పిల్లాడు కోలుకుంటే అలిపిరి నుంచి కొండ దాకా ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడతానని. వాడు కోలుకున్నాడు. ఈలోగా ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. "నా బదులు మీరు వెళ్తారా?" అని అడిగింది.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఎస్వీ యూనివర్సిటీలో చదివే రోజుల్లో, సాయంత్రాలన్నీ లైబ్రరీలో గడుపుతూ ఉండగా అది మెల్లగా పోయింది. పెళ్ళయిన కొత్తలోనే ఆమెకు ఆ సంగతి చెప్పాను. అయినా వెళ్ళాను. 3,550 మెట్లు, వంగుతూ లేస్తూ. గాలిగోపురం చేరేసరికే నడుము పట్టేసింది. మోకాళ్ళ పర్వతం దగ్గర నా దగ్గరున్న కుంకుమ అయిపోతే, పక్కన ఎక్కుతున్న ముసలావిడ తన పొట్లంలోంచి సగం పోసింది. "ఎవరి మొక్కు నాయనా?" అంది. మా ఆవిడది అన్నాను.

ఇంటికొచ్చాక మా అమ్మాయి, "నమ్మకుండా చేస్తే అది నటనే కదా నాన్నా" అంది. ఆ మాట నన్ను వదలడం లేదు. మీరేమంటారు?

కాణిపాకం వాసి:
మీ అమ్మాయి చెప్పిందే నిజం సార్. మా ఊళ్ళో వినాయకుడి ముందు ప్రమాణం చెయ్యమంటే, రోజూ పూజ చెయ్యనివాళ్ళు కూడా వెనకాడతారు. దేవుడి ముందు అనే మాటకు, చేసే పనికి అంత బరువుంది. మనసు లేకుండా ఆ పని చెయ్యకూడదు. అమ్మగారు నాలుగు మెట్లకు పసుపు రాసి దణ్ణం పెట్టుకున్నా స్వామి కాదనడు.

చిత్తూరు మాస్టారు:
నాది ఇంకో అభ్యంతరం. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువును చెయ్యాలని ఒక సంస్థే పెట్టారు. 1929లో ఆయన తనే దాన్ని రద్దు చేశాడు. వేలమంది మనసు కష్టపడుతుందని తెలిసీ, తనకు నిజమనిపించింది చెప్పాడు. మీరు ఇంట్లో ఒక్క మనిషి దగ్గర నిలబడలేకపోయారు. ఇలా ఒకరి కోసం ఒకరం చేసుకుంటూ పోతే, పిల్లలు మన నుంచి ఏది నేర్చుకోవాలి? కోపంతో అనడం లేదు. నేనూ మా అమ్మ కోసం ఏళ్ళ తరబడి తద్దినాలు పెట్టాను, అది ఇప్పటికీ నన్ను బాధపెడుతోంది.

తాతయ్యగుంట అక్క:
మాస్టారూ, మీ అమ్మగారికి మీరు పెట్టింది వృథా కాదు, ముందు ఆ బాధ పక్కన పెట్టండి.

మా వీధిలో ప్రతి మే నెలా గంగమ్మ జాతరకు మగపిల్లలు చీర కట్టి, పూలు పెట్టుకుని వేషం వేస్తారు. చాలామందికి ఆ మొక్కు తమది కాదు, తల్లిది. బిడ్డ ఊయలలో ఉన్నప్పుడు ఆమె మొక్కుకుని ఉంటుంది. మా తమ్ముడు గుడి గడప తొక్కడు, కానీ అమ్మ పోయాక కూడా ఆ రోజుకు బెంగళూరు నుంచి వచ్చి వేషం కట్టాడు. అద్దం ముందు కూర్చున్నప్పుడు వాడి ముఖం చూశాను. దాన్ని నటన అంటే నేను ఒప్పుకోను.

అన్నమయ్యను చూడండి. ఆయన రాగిరేకుల్లో ఎక్కువ భాగం శృంగార సంకీర్తనలే. అలమేలుమంగ అలక, విరహం, మురిపెం అన్నీ పాటలు కట్టి అదే స్వామికి ఇచ్చాడు. ప్రేమను ఒక గదిలో, భక్తిని ఇంకో గదిలో ఆయన పెట్టలేదు. మనమెందుకు పెట్టాలి? నెలనెలా కొండకెళ్ళి, ఇంట్లో జ్వరంతో పడుకున్న భార్యకు గ్లాసు నీళ్ళివ్వని మనిషితో నేను పదహారేళ్ళు ఉన్నాను. అన్నా, మీరు వంగిన ప్రతి మెట్టూ లెక్కలోకి వస్తుంది.

అలిపిరి నడక (తిరుపతి):
మాస్టారి మాట గుచ్చుకుంది. అందుకే నిన్న రాత్రి మా ఆవిడకు చెప్పేశాను. మెట్లెక్కుతున్నంత సేపూ నాకు స్వామి గుర్తుకు రాలేదని, నీ మోకాళ్ళే గుర్తొచ్చాయని. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కుంకుమ పోసిన ఆవిడ ఏ ఊరో కనుక్కున్నారా?" అంది. కనుక్కోలేదు.

వచ్చే నెల ఆమెకు మోకాలి ఆపరేషన్. మళ్ళీ ఏదో మొక్కుకున్నట్టుంది, ఏమిటో చెప్పలేదు. నన్ను అడగనూ లేదు. అడిగితే బాగుండునని ఉంది.