కీబోర్డు ఉన్న ఫోన్‌లో తెలుగు టైపింగ్ ఎలా ఉంటుంది? వాడినవాళ్లు చెప్పండి

సూర్యాపేట_విలేకరి

అందరికీ నమస్కారం. నేను మండల విలేకరిని, ఒక దినపత్రికకి కంట్రిబ్యూటర్‌గా పనిచేస్తున్నా. రోజూ నాలుగైదు ఐటమ్స్ (వార్తలు), పెద్ద గొడవేదైనా ఉంటే ఇంకా ఎక్కువ, అన్నీ ఫోన్‌లోనే తెలుగులో కొట్టి డెస్క్‌కి వాట్సాప్ చేస్తాను, వాళ్లు దాన్ని పత్రికలో వాడే అను ఫాంటులోకి మార్చుకుంటారు. ల్యాప్‌టాప్ ఉంది కానీ బండి మీద ఊళ్లు తిరిగేవాడికి అది మోసుకుని, ధర్నా దగ్గర ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం కుదిరే పని కాదు.

టచ్ ఫోన్‌తో నా బాధ రెండు రకాలు. ఒకటి వాన. మొన్న యాసంగి వడ్లు వచ్చినప్పుడు ఐకేపీ వాళ్లు వడ్లు కొనే కేంద్రంలో అకాల వాన పడింది, రైతులు పట్టాలు కప్పుకుంటూ ఉరుకుతున్నరు, నేను అక్కడే నిలబడి ఐటమ్ కొడుతున్నా. చినుకులు తెర మీద పడ్డ చోటల్లా ఫోన్ దాన్ని వేలు అనుకుని అక్షరాలు వేస్తుంది, కర్సర్ ఎక్కడికో పోతుంది, తుడిస్తే ఇంకో నాలుగు అక్షరాలు పడతయి. రెండోది పేర్లు. ఇంగ్లీషులో కొడితే తెలుగు వచ్చే కీబోర్డులో చివ్వెంల, పెన్‌పహాడ్ లాంటి ఊరి పేర్లు, మనుషుల ఇంటిపేర్లు కొట్టామంటే అది తనకి తోచిన మాట పెట్టేస్తుంది. మనం హడావుడిలో చూసుకోం. పొద్దున పేపర్లో తప్పు పేరు పడితే ఆ ఇంటివాళ్లు ఎంత బాధపడతారో నాకు తెలుసు.

అందుకే నిజమైన బటన్లు, ఏ నుంచి జెడ్ దాకా అన్నీ ఉన్న ఫోన్ తీసుకుందామని చూస్తున్నా. బడ్జెట్ పాతిక వేల లోపు. ఏ ఫోన్ మంచిది, తెలుగు ఎలా కొడుతున్నారు, వాడినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఈ63_పాతకాపు

అన్నా, మీ పోస్టు చూడగానే చేతులు దురద పుట్టాయి. నేను నోకియా ఈ63 వాడినవాణ్ణి, అది 2008 చివర్లో ప్రకటించిన మోడల్. దాని అన్న ఈ71 స్టీలు బాడీతో చాలా దర్జాగా ఉండేది, మాది ప్లాస్టిక్, కెమెరా 2 మెగాపిక్సెల్, జీపీఎస్ లేదు. కానీ ఈ71లో లేని 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్ జాక్ ఉండేది, స్పేస్ బార్ గట్టిగా పట్టుకుంటే టార్చ్ వెలిగేది. కరెంటు పోయిన రాత్రుళ్లు మా ఇంట్లో దాన్ని ఫోన్ అనేకంటే లైటు అనే ఎక్కువ పిలిచేవాళ్లు. 1500 ఎంఏహెచ్ బ్యాటరీ, తెర 2.36 అంగుళాలు, దాంతో రెండు రోజులు హాయిగా వచ్చేది. బల్ల కింద పెట్టి చూడకుండా మెసేజ్ కొట్టేవాణ్ణి, ఒక్క తప్పు ఉండేది కాదు.

కానీ తెలుగు? రాయడం సంగతి దేవుడెరుగు, చదవడానికే తిప్పలు. డబ్బాలు కనిపించేవి. ఒపేరా మినీ బ్రౌజర్‌లో అడ్రస్ దగ్గర ఒపేరా కాన్ఫిగ్ అని కొట్టి, అట్టడుగున ఉన్న బిట్‌మ్యాప్ ఫాంట్ల సెట్టింగు యెస్ చేస్తే అప్పుడు వాళ్ల సర్వర్ తెలుగు అక్షరాల్ని బొమ్మలుగా మార్చి పంపేది. బ్లాగులన్నీ అలాగే చదివాం మేము. బొమ్మ కాబట్టి కాపీ చేయడానికి ఉండదు, అది వేరే విషయం.

ఇప్పుడు ఎవరైనా మీకు పాత ఈ71, ఈ72 చవగ్గా ఇస్తామంటే మాత్రం తీసుకోకండి. వాటిలో 4జీ లేదు, జియో సిమ్ అసలు పనిచేయదు. వాట్సాప్ కూడా వీటిలాంటి సింబియన్ సాఫ్ట్‌వేర్ ఫోన్లకి 2017లోనే ఆపేశారు. వాట్సాప్ లేకపోతే మీరు డెస్క్‌కి పంపేదెలా?

వైజాగ్_సీహెచ్‌ఏ

నేను ఇప్పటికీ బ్లాక్‌బెర్రీ కీవన్ వాడుతున్నానండి, 2017లో మన దేశంలో 39,990కి వదిలిన లిమిటెడ్ ఎడిషన్, 4 జీబీ ర్యామ్‌ది. పోర్టు దగ్గర సీహెచ్‌ఏ (కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు) ఆఫీసులో పని, రోజంతా ఇంగ్లీషు మెయిళ్లే. ఆ పనికి దీన్ని కొట్టింది లేదు. కీబోర్డు మీదే వేలు రాస్తే పేజీ పైకీ కిందకీ కదులుతుంది, స్పేస్ బార్‌లోనే వేలిముద్ర, ఇరవై ఆరు అక్షరాలకీ చిన్న నొక్కుకి ఒకటి, పెద్ద నొక్కుకి ఒకటి చొప్పున 52 షార్ట్‌కట్లు పెట్టుకోవచ్చు. నాకు హోమ్ స్క్రీన్ మీద హెచ్ నొక్కితే ఇంటికి ఫోన్, కె పట్టుకుంటే క్యాలిక్యులేటర్. తెర 4.5 అంగుళాలే కానీ కీబోర్డు తెర మీదకి రాదు కాబట్టి మెయిల్ మొత్తం కనిపిస్తుంది. కంటైనర్ యార్డులో మిట్టమధ్యాహ్నం ఎండలో తెర సరిగా కనపడకపోయినా వేళ్లకి కీ తెలుస్తుంది కదా, ఆ సుఖం టచ్ ఫోన్ ఇవ్వలేదు.

తెలుగు విషయానికొస్తే నిజం చెప్పాలి. నా ఫోన్‌లో కీలు నొక్కితే పడేది ఇంగ్లీషే. ఇంట్లోవాళ్లకి తెలుగులో రాయాలంటే గూగుల్ వాళ్ల జీబోర్డ్‌ని తెర మీదకి తెచ్చుకుంటా, అప్పుడు కింద బటన్లు ఖాళీగా ఉంటాయి, ఉన్న చిన్న తెరలో సగం అది తినేస్తుంది. అంటే మీరు దేనికోసం కొంటున్నారో ఆ పనే అందులో కుదరదు.

ఇంకో విషయం, వీటికి దిక్కూ మొక్కూ లేదు. బ్లాక్‌బెర్రీ పేరుతో ఈ ఫోన్లు తెచ్చిన టీసీఎల్ కంపెనీ 2020 ఆగస్టు 31తో అమ్మకాలు ఆపేసింది. కీవన్ తర్వాత 2018లో వచ్చిన కీ2 కూడా ఆండ్రాయిడ్ 8.1 దగ్గరే ఆగిపోయింది. నా బ్యాంకు యాప్ పోయినేడాది నుంచి దీంట్లో తెరుచుకోవట్లేదు, దానికోసం ఇంకో ఫోన్ పెట్టుకున్నా.

అక్షరాల_రామం

సూర్యాపేట గారూ, మీది ఫోన్ సమస్య కంటే లేఅవుట్ సమస్య. కాస్త వివరంగా చెబుతా, ఎందుకంటే ఇది తెలియక చాలామంది డబ్బు తగలేస్తున్నారు.

మన ప్రభుత్వం ఖరారు చేసిన ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ కంప్యూటర్ కీబోర్డు కోసం చేసింది. ఎడమ చేతికి గుణింతాలు, కుడి చేతికి హల్లులు, అలవాటైతే చాలా వేగం. అయితే అందులో ‘చ’ సెమికోలన్ కీ మీద ఉంటుంది, ‘ట’ దాని పక్కన కొటేషన్ కీ మీద, ‘డ’ పీ పక్కనున్న బ్రాకెట్ మీద. ఫోన్ కీబోర్డు చూడండి, పీతో పై వరస అయిపోతుంది, ఎల్ పక్కన డిలీట్. చ, ట, డ లేకుండా తెలుగులో ఒక్క వాక్యం రాయగలమా? కాబట్టి ఇరవై ఆరు కీల ఫోన్ మీద ఇన్‌స్క్రిప్ట్‌ని ఉన్నదున్నట్టు దింపడం కుదరదు.

మిగిలిన దారి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. దానికి కీబోర్డు యాప్ కూడా అక్కర్లేదు, బ్రౌజర్‌లో లేఖిని అనే సైటు తెరవండి. ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే ఇంకో పెట్టెలో తెలుగు వస్తుంది. పేజీ తెరుచుకున్నాక మార్పిడంతా బ్రౌజర్‌లోనే జరుగుతుంది, మధ్యలో సిగ్నల్ పోయినా ఆగదు. మీకు ముఖ్యమైన సంగతి, అది ఊహించదు. మీరు ఏం కొడితే అదే పడుతుంది, చివ్వెంలని చివ్వెంల అనే రాస్తుంది. పేర్ల దగ్గర మీరు పడే టెన్షన్ సగం అక్కడే తీరుతుంది. ఆ ఇంగ్లీషు అక్షరాలు తెర మీద నుంచి వచ్చాయా, బటన్ల నుంచి వచ్చాయా దానికి అనవసరం. వైజాగ్ గారు కూడా తన కీవన్‌లో చూడొచ్చు.

ఇబ్బంది ఒకటుంది. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. డీతో ద, డ కూడా అంతే, న-ణ, ల-ళ కూడా అంతే. ‘కొట్టాడు’ అనే మాటకి రెండు పెద్ద టీలు, ఒక పెద్ద డీ కావాలి.

సూర్యాపేట_విలేకరి

రామం గారూ, ఇంత వివరం ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్స్. నా ఐటమ్స్‌లో కొట్టాడు, పట్టుబడ్డాడు, అడ్డుకున్నారు, చేపట్టారు, ఇవే ఉంటయి ఎక్కువ! ప్రతిదానికీ షిఫ్ట్ నొక్కుకుంటూ పోతే లేటు కాదా?

వైజాగ్_సీహెచ్‌ఏ

బ్లాక్‌బెర్రీలో షిఫ్ట్ అక్కర్లేదండి, అక్షరం కాసేపు నొక్కి పట్టుకుంటే పెద్దక్షరమే పడుతుంది. రామం గారు చెప్పారని ఇప్పుడే లేఖిని తెరిచి చూశా, ‘విశాఖపట్నం పోర్టులో కంటైనర్లు’ అని కొట్టాను, పడింది! ట దగ్గర రవ్వంత ఆగాల్సి వస్తోంది, అదొక్కటే. ఇన్నాళ్లూ తెర మీద జీబోర్డ్‌తో కుస్తీ పట్టినవాడికి ఇది పండగే. మా అమ్మగారికి ఇందాకే ఇందులో కొట్టి పంపా.

డల్లాస్_శ్రీను

నాది యూనిహెర్ట్జ్ టైటన్ 2, 2025లో వచ్చిన మోడల్. కొత్త ఫోన్‌లో కీబోర్డు కావాలంటే నాకు కనిపించినవాటిలో ఇదే నయం. 5జీ, ఆండ్రాయిడ్ 15, 12 జీబీ ర్యామ్, 512 జీబీ స్టోరేజి, 5050 బ్యాటరీ. తెర 4.5 అంగుళాల చతురస్రం, చదవడానికి, ఎక్సెల్ చూడటానికి బాగుంటుంది, వీడియోలకి మాత్రం పైనా కిందా నల్ల పట్టీలు. కీలు బ్లాక్‌బెర్రీ అంత మెత్తగా ఉండవు, కాస్త గట్టిగా నొక్కాలి. సైజు పెద్దది, చొక్కా జేబులో పెడితే జేబు కిందకి లాగుతుంది. అయినా వీళ్ల మొదటి టైటన్‌తో పోలిస్తే ఎంతో మేలు, అది 303 గ్రాములు ఉండేది.

కానీ తమ్ముడూ, ఇది అక్కడికి తెప్పించుకోవాలంటే కస్టమ్స్ సుంకంతో కలిపి మీ బడ్జెట్ దాటిపోతుంది. పాడైతే బాగుచేసేవాళ్లు దొరకరు. పైగా బయటి నుంచి తెచ్చే ఏ ఫోన్ అయినా మీ సిమ్‌తో వోల్టీ (4జీ మీద వెళ్లే) కాల్స్ వెళతాయో లేదో ముందే కనుక్కోవాలి, నెట్ పనిచేసినా మాట వెళ్లకపోతే విలేకరికి ఏం లాభం? ఐఫోన్‌కి తొడిగే క్లిక్స్ అనే కీబోర్డు కేసు కూడా 2024 నుంచి ఉంది, వచ్చినప్పుడు అది 139 డాలర్ల నుంచి మొదలైంది, ఆ డబ్బుకి మీ దగ్గర ఒక చిన్న ఫోనే వస్తుంది.

డీటీపీ_లక్ష్మి

నేను పత్రికా డెస్క్‌లో పనిచేసినదాన్ని, విలేకరుల ఐటమ్స్ ఎలా వస్తాయో నాకు తెలుసు. చాలామంది ఇప్పుడు మాట్లాడి టైప్ చేయిస్తున్నారు, ఇంట్లో కూర్చుని చేస్తే బాగానే వస్తుంది. ధర్నాలో మైకు మోగుతుంటే మాత్రం అది వినేది మిమ్మల్ని కాదు, మైకుని. తర్వాత ఆ ఐటమ్ సరిచేసేసరికి మాకు డెడ్‌లైన్ దాటిపోయేది.

నా సలహా ఏంటంటే, పాతిక వేలు పెట్టేముందు మడతపెట్టే బ్లూటూత్ కీబోర్డు ఒకటి కొనండి. రెండు వేల లోపే వస్తుంది, బండి డిక్కీలో పట్టేస్తుంది. ఇప్పుడున్న ఫోన్‌కే కలిపి, లేఖినిలో కొట్టండి. బండి సీటు మీద పరిచి నిలబడి కొట్టుకోవచ్చు. వానలో పనికిరాదు, ఒప్పుకుంటా, అది ఏదైనా చూరు కిందకి వెళ్లే చేయాలి. కానీ ఆ రాసే పద్ధతి మీ చేతికి పడుతుందో లేదో తేలిపోతుంది కదా. కొందరికి పెద్దక్షరం చిన్నక్షరం లెక్క ఎంత వాడినా అలవాటు కాదు, అలాంటివాళ్లు ఫోన్ కొని డ్రాయర్లో పడేస్తారు.

ఈ63_పాతకాపు

లక్ష్మి గారి మాట బాగుంది. ఒకవేళ తర్వాత సెకండ్ హ్యాండ్ కీ2 చూడాలనుకుంటే అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో అడగండన్నా, ఓపిగ్గా తిరిగితే దొరకొచ్చు. కొనేముందు నోట్స్ తెరిచి ప్రతి కీ విడివిడిగా నొక్కి చూడండి. అరిగిన కీబోర్డుల్లో ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది, ముఖ్యంగా స్పేస్, ఇ, ఏ. లేఖినిలో మీకు ‘ఏ’ కీతో చాలా పని ఉంటుంది. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి, మీ సిమ్ వేసి అక్కడే ఒక కాల్ చేయండి. కొట్టువాడు తొందరపెడితే వదిలేసి వచ్చేయండి.

సూర్యాపేట_విలేకరి

అందరికీ పేరుపేరునా థాంక్స్. లక్ష్మక్క చెప్పినట్టు ముందు బ్లూటూత్ కీబోర్డు తెప్పిస్తున్నా. వానాకాలం వడ్ల కొనుగోళ్లు మొదలయ్యేలోపు లేఖిని చేతికి అలవాటైతే అప్పుడు జగదీశ్ మార్కెట్‌కి పోతా, కీ2 దొరికితే అదే తీసుకుంటా, బ్యాంకు పనులకి పాత ఫోన్ ఎట్లాగూ ఉంటది. ఇయ్యాల ఒక ఐటమ్ ఫోన్‌లోనే లేఖినిలో కొట్టి చూసిన, ఊరి పేర్లు ఒక్కటి కూడా మారలేదు. మధ్యలో ఎస్సై గారు ఫోన్ చేశారు, మాట్లాడి వచ్చేసరికి పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అయి, కొట్టిందంతా పోయింది. దానికేమన్నా దారి ఉందా?

అక్షరాల_రామం

ర్యామ్ తక్కువున్న ఫోన్లలో అంతేనండి, వేరే యాప్‌లోకి వెళ్తే బ్రౌజర్ ట్యాబ్‌ని మూసేస్తుంది. ముందు ఇంగ్లీషు అక్షరాలతో మొత్తం నోట్స్ యాప్‌లో కొట్టుకోండి, అది తనంతట తాను సేవ్ అవుతుంది. అయ్యాక ఒకేసారి లేఖినిలో పేస్ట్ చేస్తే తెలుగు మొత్తం వచ్చేస్తుంది, అక్కడి నుంచి వాట్సాప్‌కి. నోట్స్‌లో ఆటోకరెక్ట్, వాక్యం మొదట్లో పెద్దక్షరం వేసే సెట్టింగు రెండూ ఆపేయడం మరిచిపోవద్దు, లేకపోతే ‘తహసీల్దార్’ కాస్తా ‘టహసీల్దార్’ అవుతాడు.