నాన్న పేజ్‌మేకర్ కోసం ఎక్స్‌పీ: వర్చువల్ మెషినా, డ్యూయల్ బూటా?

మారతహళ్లి_మూర్తి: అందరికీ నమస్తే. నాన్నగారిది ఒంగోలులో ప్రింటింగ్ ప్రెస్. పోయినేడు మూసేసి బెంగళూరులో మా దగ్గరికి వచ్చేశారు. ఊరి నుంచి శుభలేఖలకీ, పెద్దకర్మ కార్డులకీ ఇంకా ఫోన్లు వస్తుంటాయి, కాదనలేరు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు కొట్టే అను ఫాంట్లు, పాత విండోస్ ఎక్స్‌పీ తప్ప వేరేది ముట్టుకోరు. వెంట తెచ్చుకున్న డెస్క్‌టాప్‌కి మదర్‌బోర్డు పోయింది, హార్డ్‌డిస్క్ మాత్రం బతికే ఉంది. నా ల్యాప్‌టాప్ 2021లో కొన్నది, 8 జీబీ ర్యామ్, విండోస్ కాదు, ఉబుంటు లైనక్స్. వర్చువల్‌బాక్స్‌తో ఉబుంటు లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటర్ (వర్చువల్ మెషిన్, వీఎం) పెట్టి అందులో ఎక్స్‌పీ వేయనా, లేక ఉబుంటు పక్కనే వేసి, ఆన్ చేసినప్పుడల్లా ఏదో ఒకటి ఎంచుకునేలా డ్యూయల్ బూట్ చేయనా?

వెంకట్_కెర్నెల్: డ్యూయల్ బూట్ మాట మర్చిపోండి. ఆ ల్యాప్‌టాప్‌లో ఉండేది ఎన్‌వీఎంఈ అనే కొత్తరకం డిస్కు, యూఈఎఫ్ఐ అనే కొత్తరకం బూట్ పద్ధతి అయ్యుంటాయి. 2001లో పుట్టిన ఎక్స్‌పీకి ఆ రెండూ తెలియవు, ఇన్‌స్టాల్ చేయబోతే అసలు డిస్కే లేదంటుంది. వర్చువల్‌బాక్స్ దానికి పాతకాలపు ఐడీఈ డిస్కునే చూపిస్తుంది కాబట్టి కిమ్మనకుండా ఎక్కుతుంది. బయాస్‌లో (ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) వర్చువలైజేషన్ ఆన్ చేయండి. 1 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు ఇవ్వండి, చాలు. నెట్‌వర్క్ అడాప్టర్ టిక్ తీసేయండి, ఎక్స్‌పీని నెట్‌కి కలపొద్దు, దానికి సపోర్ట్ ఆగిపోయింది 2014 ఏప్రిల్‌లో.

బొమ్మనహళ్లి_బాబాయ్: ఉన్నదే 8 జీబీ. అందులో ఇంకో కంప్యూటరా? బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తేనే సగం పోతుంది.

కోడూరు_చిన్నోడు: బాబాయ్ వచ్చారు. ఇక ర్యామే ర్యాము.

వెంకట్_కెర్నెల్: బాబాయ్, ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ ఉండాలని చెప్పింది 128 ఎంబీ. 1 జీబీ అంటే దానికి పెళ్లిభోజనం.

బొమ్మనహళ్లి_బాబాయ్: చెప్పేటప్పుడు అన్నీ బాగానే ఉంటాయి నాయనా. 2019లో ఇలాగే ఒక కుర్రాడి మాట విని మా షాపు లెక్కల సాఫ్ట్‌వేర్ వీఎంలో పెట్టా. రోజూ సాయంత్రం స్నాప్‌షాట్ (వీఎం ఆ క్షణానికి ఎలా ఉందో దాచుకోవడం) తీయమన్నాడు, తీశా. నాలుగు నెలలకి డిస్కు నిండిపోయింది. ఆ ఫోల్డర్‌లో పాత తేదీల ఫైళ్లు కొన్ని చెరిపా. మర్నాడు వీఎం లేవలేదు. మార్చి నెలాఖరు! ఆడిటర్ ఫోన్ మీద ఫోన్. బిల్లు పుస్తకాలు ముందేసుకుని మా ఆవిడా నేనూ తొమ్మిది రాత్రులు మళ్లీ ఎక్కించుకున్నాం.

వెంకట్_కెర్నెల్: స్నాప్‌షాట్ అంటే బ్యాకప్ కాదు కదా. ఒక్కోటీ దాని ముందుదానికి తేడా మాత్రమే రాసుకుంటుంది. మధ్యలో ఒకటి లాగేస్తే పైవన్నీ పోతాయి. గోడలోంచి కింది ఇటుకలు మీరే పీకి, కూలింది మేస్త్రీ వల్లంటే ఎలా? వీఎం ఆపేసి ఫోల్డర్ మొత్తం వేరే డిస్కులోకి కాపీ చేస్తే, అదీ బ్యాకప్.

బొమ్మనహళ్లి_బాబాయ్: ఈ ముక్క ఆ రోజు ఎవడు చెప్పాడు? చెప్పాల్సినవాడు ఉద్యోగం మారి హైదరాబాద్ చెక్కేశాడు. పెట్టేవాళ్లు పెట్టి పోతారు, ఏడ్చేది వాడేవాడు.

సుల్తాన్‌పేట_సరళ: కార్డుల షాపులో డీటీపీ చేస్తాను, రెండు మాటలు చెప్తా. ఒకటి, అనులో కొట్టింది ఫోన్లకీ కంప్యూటర్లకీ అర్థమయ్యే యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంటు అది. వీఎంలోంచి కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలే కనిపిస్తాయి. ప్రూఫ్ పీడీఎఫ్‌గానే పంపాలి. పీడీఎఫ్ చేసే ప్రింటర్‌ని ఎక్స్‌పీలోనే వేసి, ఫైలు ఉబుంటుకీ కనిపించే షేర్డ్ ఫోల్డర్‌లో పడేలా పెట్టండి. రెండోది ఎవరూ చెప్పరు. వర్చువల్‌బాక్స్ కుడివైపు కంట్రోల్ కీని తన సొంతానికి అట్టేపెట్టుకుంటుంది. నాన్నగారు ఆ కీతో కంట్రోల్-ఎస్ కొట్టే రకమైతే పేజీ సేవ్ కాదు, వీఎం సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. నాకు ఒక పెళ్లి మొత్తం అలాగే పోయింది. ముందే ఆ హోస్ట్ కీ మార్చేయండి.

కోడూరు_చిన్నోడు: అక్కా, దండం!

వెంకట్_కెర్నెల్: అసలు పేజ్‌మేకర్‌ని అడోబీయే 2004లో వదిలేసింది. వీఎం ఇప్పటికి సరే, ఎన్నాళ్లని? యూనికోడ్‌కి మారమని ఆయనకి నచ్చజెప్పొచ్చుగా.

బొమ్మనహళ్లి_బాబాయ్: ఇదిగో, కడుపులో మాట ఇప్పుడు బయటికొచ్చింది! ముసలాయన మారాలి. ఆ మనిషి వేళ్లకి ఆ కీబోర్డ్ వచ్చు. ఏ అక్షరం ఎక్కడుందో చూడకుండా కొడతాడు. అది తీసేసి మళ్లీ అ ఆలు దిద్దుకోమంటావా?

వెంకట్_కెర్నెల్: నేనెక్కడ తీసేయమన్నాను? ఆ పాతది బతకాలనే కదా మొదట్నుంచీ వీఎం వీఎం అని మొత్తుకుంటున్నా! ర్యామ్ ర్యామ్ అని అడ్డుపడుతోంది మీరు.

సుల్తాన్‌పేట_సరళ: ఇద్దరూ కాస్త ఆగండి. మూర్తిగారూ, పగలంతా ఆ ల్యాప్‌టాప్ ఎవరి దగ్గర ఉంటుంది?

మారతహళ్లి_మూర్తి: నా దగ్గరే. ఇంటి నుంచే పని, తొమ్మిదిన్నర నుంచి ఏడు దాకా. నిన్న వెంకట్ చెప్పినట్టే వీఎంలో వేసి ఇచ్చా. ర్యామ్ ఇబ్బందేమీ లేదు బాబాయ్, బాగానే నడిచింది. నాన్న హుషారుగా కూర్చున్నారు. ఇంతలో నాకు ఆఫీసు కాల్. ల్యాప్‌టాప్ తీసుకుంటుంటే "నీ పని చూసుకోరా, నాదేముంది" అని బాల్కనీలోకి వెళ్లిపోయారు. రాత్రి తెరిచి చూస్తే కార్డులో "చి.ల.సౌ." దాకా కొట్టి ఆగిపోయి ఉంది, అమ్మాయి పేరు ఇంకా కొట్టలేదు.

బొమ్మనహళ్లి_బాబాయ్: మరదే! వీఎమ్మయినా డ్యూయల్ బూటయినా ఆయన నీ ల్యాప్‌టాప్‌లో అద్దెకున్నట్టే. ప్రెస్ నడిపిన మనిషాయె. ఎస్‌పీ రోడ్డుకెళ్లి ఒక పాత డెస్క్‌టాప్ తెచ్చి ఆయన గదిలో పెట్టు.

వెంకట్_కెర్నెల్: తేండి, మంచిదే. కానీ అందులోనూ ఎక్స్‌పీని వీఎంలోనే ఉంచండి. వీఎం డిస్కు మొత్తం ఒకే ఫైలు కదా, కాపీ ఒకటి పక్కన దాచుకుంటే మళ్లీ మదర్‌బోర్డు పోయినా వేరే మెషిన్‌లో సాయంత్రానికల్లా లేపొచ్చు. ఒంగోలు డెస్క్‌టాప్ విషయంలో జరగనిది అదే.

మారతహళ్లి_మూర్తి: శనివారం నాన్నని కూడా తీసుకుని వెళ్తున్నా. కీబోర్డ్ తనే నొక్కి చూసి తీసుకుంటారట.

బొమ్మనహళ్లి_బాబాయ్: వెళ్లు. 16 జీబీ ఉంటేనే తీసుకో.