డైపర్లకే నెలకు రెండు వేలు పోతాంది, గుడ్డలకు మారినోళ్ళు చెప్పండప్పా

బుజ్జిగాని అమ్మ, అనంతపురం:
మావాడికి నాలుగో నెల. రోజుకు 6 డైపర్లు, ఒకటి 11 రూపాయలు. నెలకు 1,980. ఖర్చు ఒక్కటే కాదు నా బాధ. మా ఇల్లు నడిమివంక పక్కన. 2022 అక్టోబరులో వంక పొంగి, నీళ్ళు తీసినాక బురదంతా మేమే ఎత్తిపోసుకున్నాం. అందులో ఉబ్బిపోయిన డైపర్లు ఎన్నో. ఇప్పుడు నా చెత్తబుట్టలోనూ అవే. గుడ్డలు కడదామంటే కొళాయి రోజు మార్చి రోజు వస్తాది. "వెదురు డైపర్లు, మట్టిలో కలిసిపోతాయి" అని ఒకటి చూసినా. కొనొచ్చా?

కర్నూలు కోడలు:
వెదురు అని రాసినంత మాత్రాన అంతా వెదురు కాదు చెల్లీ. ఒంటికి తగిలే పొర వెదురు నూలుది అయ్యుండొచ్చు. లోపల తడిని పట్టేసే గుళికలు మాత్రం చాలావాటిలో మామూలు డైపర్లో ఉండే సోడియం పాలీఅక్రిలేటే. నిండిన డైపర్ ఒకటి చింపి చూడు, సగ్గుబియ్యం జావ మాదిరి ఉంటుంది. అదంత తేలిగ్గా మట్టయ్యేది కాదు. పైగా ధర ఎక్కువ. నేనైతే కొనను.

ఎమ్మిగనూరు ఆడపడుచు:
మా ఊరి నేత తువ్వాళ్ళు ఉండగా వెదురెందుకమ్మా! పల్చటి నూలు తువ్వాళ్ళు 4 తీసుకున్నా, ఒకటి 150. దర్జీకి 120 ఇచ్చి 12 ముక్కలు కోయించి అంచులు కుట్టించినా. తడి బయటికి రాకుండా పైన వేసే కవర్లు 3, ఒకటి 400. మొత్తం 1,920. నీ ఒక్క నెల డైపర్ల డబ్బు. ముక్కను మూడు మడతలు పెట్టి కవర్లో పరిస్తే చాలు. ముక్క తడిస్తే ముక్కే మారుస్తా, కవరు కాస్త ఆరనిచ్చి మళ్ళీ వాడతా. కొత్త నూలు మొదట్లో నీళ్ళు పీల్చదు. ఐదారుసార్లు ఉతికినాకే కట్టు. తెలియక మొదటిరోజే కట్టినా, నా చీర, దుప్పటి, పక్కనున్న మా ఆయన లుంగీ, అన్నీ తడిసె.

అద్దె ఇల్లు, ఆదోని:
అందరూ గుడ్డలంటారు. మా ఓనరు ట్యాంకు నీళ్ళు లెక్కబెట్టి వదుల్తాడు. తాగను నీళ్ళు లేని చోట రోజుకు పది గుడ్డలు ఉతకడం పర్యావరణమా?

కర్నూలు కోడలు:
మీ మాట కొట్టిపారేసేది కాదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో లెక్కగట్టింది. ఒక బిడ్డకు రెండున్నరేళ్ళలో వాడి పారేసే డైపర్ల వల్ల సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు, మామూలుగా ఉతికే గుడ్డలవల్ల 570. అంటే ఎట్లా ఉతుకుతామన్న దాని మీదే ఉంది. మిషన్ నిండుగా వేసి, దండెం మీద ఆరేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకూ వాడితే 40 శాతం తగ్గుతుందని చెప్పారు. అక్కడ కొందరు డ్రయ్యర్లో ఆరబెడతారు, మనకు ఆ బాధ లేదు. మే నెలలో మా మిద్దె మీద గంటన్నరలో గలగల ఎండుతాయి. పసుపు మరకలు కూడా ఎండకే పోతాయి, బ్లీచింగ్ వద్దు. ఇక నీళ్ళంటారా, నేను పప్పు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు బకెట్లో పట్టి దొడ్డిగుడ్డలకు మొదటి జాడింపు చేస్తా. మంచినీళ్ళు చివర్లోనే.

కడప నాయన:
ఆ నీళ్ళ పొదుపులోనే నేను బోల్తా పడినా, చెప్తా వినండి. మా ఇంట్లో పాప గుడ్డలు ఉతికేది నేనే. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్ళు ఊరికే పోతాండాయని బకెట్ పెట్టి అవే వాడినా. మూడు వారాలకు గుడ్డలు రెండుపూటల నాటి జొన్నరొట్టె మాదిరి బిర్రయినాయి. పాప తొడలు ఎర్రగా కందినాయి. ఒకదాని మీద చెంచా నీళ్ళు పోస్తే తామరాకు మీద చినుకల్లే దొర్లిపోయె! ఆ నీళ్ళలో మిషన్లోకి పోయే నీళ్ళకంటే ఉప్పు ఎక్కువ. సబ్బుతో కలిసి అదంతా నూలుకు పట్టేసింది. కంఫర్టులాంటివీ, డైపర్ క్రీములూ కూడా ఇట్లే చేస్తాయి. క్రీము పూసిన రోజు గుడ్డ మీద పాత ధోవతి పీలిక వేసుకోండి. నేను గుడ్డల్ని సబ్బు లేకుండా వేడినీళ్ళలో నురగ రావడం ఆగేదాకా జాడించి, ఆఖర్న కొళాయి నీళ్ళలో ముంచినా. మళ్ళీ పీల్చినాయి. కవర్లను మాత్రం మరిగే నీళ్ళలో వేయొద్దు, లోపలి ప్లాస్టిక్ పొర చెడిపోతాది. ఎర్రదనం రెండుమూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

పాతూరు జేజి:
మనవరాలితో టైపు చేయిస్తాండా. ఎండాకాలం బిడ్డకు పగలంతా ఏం కడతారే! రబ్బరుషీటు మీద పాత చీర మడతేసి వొదిలేయండి, గాలి తగలనీ. మెడ నిలిచినాక, పాలు తాగిన పది నిమిషాలకు కాళ్ళ మీద కూర్చోబెట్టి "ఉస్స్" అంటే పోస్తారు. దినానికి మూడు గుడ్డలు మిగులుతాయి. పౌడరు మాత్రం కొట్టొద్దు, ఊపిరికి మంచిది కాదంట, డాక్టరమ్మ చెప్పింది.

బుజ్జిగాని అమ్మ, అనంతపురం:
జేజీ, దండాలు! రాత్రి, ఊరు పోయేటప్పుడు ఎట్ల?

ఎమ్మిగనూరు ఆడపడుచు:
రాత్రికి కొన్న డైపరే ఒకటి వేసెయ్. నెలకు 330 అవుతుంది, ఏం తప్పులేదు. దొడ్డి లెట్రిన్లో దులిపి, పేపర్లో గట్టిగా చుట్టి, తడిచెత్తలో కలపకుండా విడిగా ఇవ్వు. 2016 చెత్త నియమాల్లోనే చుట్టి ఇమ్మని చెప్పినారు. ఆ బండి మనిషి చేత్తో తీస్తాడు కదా.

బుజ్జిగాని అమ్మ, అనంతపురం:
మూడు వారాలయింది. పగలు తువ్వాలు ముక్కలు, రాత్రి ఒక్క డైపరు. కవరు ఒకటి కాలికాడ లూజు, పక్కన కారుతాంది, బటన్ ఒకటి లోపలికి వేస్తే సరిపోయె. జేజి చెప్పిన "ఉస్స్" మొదటి రెండు రోజులు పనిచేయలా. మూడోరోజు బుజ్జిగాడు మా మామ ఒళ్ళో పోసినాడు, కొత్త పంచె మీద. ఇప్పుడు మా మామే పొద్దున లేచి "వాన్ని ఇట్లీయమ్మా" అని బయటికి ఎత్తుకుపోతాండాడు.