అసలు ఫొటోలు కోసి కొలాజ్ చేయొచ్చా? ఇంట్లో గొడవగా ఉంది

బరంపురం అమ్మాయి:
నేను కొలాజ్‌లు చేస్తాను. ఈసారి మా ఇంటి కథే పన్నెండు బొమ్మలుగా చేశాను. మామ్మ పెళ్లి ఫొటో, నాన్న ఒరియా మీడియం టీసీ, పాత రేషన్ కార్డు, టెక్కలి నుంచి మామ్మకి వాళ్ళన్నయ్య రాసిన ఉత్తరాలు, పట్టుచీర అంచు ముక్కలు, అన్నీ కోసి అంటించాను. మా ఇంటిపేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంది. ఇక్కడ ఒరిస్సాలో, స్కూల్లో నేను తెలుగమ్మాయిని, శ్రీకాకుళం చుట్టాలింట్లో ఒరియా పిల్లని. అదే చూపించాలనుకున్నాను. వచ్చే నెల ప్రదర్శన. ఫొటోలు పాడుచేశానని చిన్నాన్న మండిపడుతున్నారు. మూడు బొమ్మలు కింద పెట్టాను, చూసి చెప్పండి.
(నాకు తెలుగు రాయడం రాదు. నేను మాట్లాడితే ఫోనే రాస్తుంది. తప్పులుంటే ఏమనుకోకండి.)

పర్లాకిమిడి పాతకాపు:
మీ చిన్నాన్నగారిదే న్యాయం. ఆ ఫొటో నీ ఒక్కదానిదే కాదమ్మా. ఆ రోజుల్లో స్టూడియోకి వెళ్ళి ఒక్క కాపీ తీయించుకోవడమే గొప్ప. ఇప్పుడు నెగెటివ్ ఎక్కడ దొరుకుతుంది? కలర్ జిరాక్సు తీసి దాన్ని కోసుకోవాల్సింది.

గుణుపురం బండి:
జిరాక్సులో ఏముందండీ? మామ్మ చెయ్యి తగిలిన కాగితం వేరు. 1912లో పికాసో కుర్చీ అల్లికను బ్రష్షుతో గీయకుండా ఆయిల్‌క్లాత్ ముక్క తెచ్చి బొమ్మలో అంటించాడు. బయటి వస్తువు బొమ్మలోకి రావడమే కొలాజ్.

పర్లాకిమిడి పాతకాపు:
బాబూ, ఆ ఆయిల్‌క్లాత్ మీద ఉన్నది నిజం అల్లిక కాదు, అల్లికలా అచ్చేసిన డిజైను. అంటే ఆయన అంటించిందీ ఒకరకం జిరాక్సే! ఇంకోటి కూడా చెప్తాను. ఆర్టిస్టు వివాన్ సుందరం 2001లో తన పెద్దమ్మ, పేరున్న చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ మీద వరసగా బొమ్మలు చేశారు. తాతగారు తీసిన పాత ఫొటోలనే కంప్యూటర్లో ఒకదానిలో ఒకటి కలిపారు. ఆయనదీ కుటుంబ చరిత్రే. ఒక్క ఫొటోకైనా కత్తెర తగలలేదు.

రాయగడ కోడలు:
మా అత్తగారు పాత చీరలు చింపి బొంతలు కుట్టేవారు. ఎవరూ గొడవ పెట్టలేదు. ట్రంకు పెట్టెలో చెదలు తినే ఫొటో గోడెక్కితే తప్పేముంది?

పర్లాకిమిడి పాతకాపు:
చిరిగిపోయిన చీరతో బొంత కుడతారమ్మా, కట్టుకునే చీర కోసి కాదు.

గుణుపురం బండి:
1936 ఏప్రిల్ 1న ఒరిస్సాని వేరు చేసి బరంపురాన్ని మద్రాసు నుంచి తెచ్చి ఇటు కలిపినప్పుడు మనవాళ్ళని ఎవరడిగారు? కత్తెర మనకి కొత్తా? ఆ అమ్మాయి చూపిస్తున్నది ఆ కోతే.

రాయగడ కోడలు:
ఉపన్యాసం బాగుంది గానీ, ఆ కోత పెట్టింది మామ్మ ఫొటో కాదు కదా అన్నయ్యా. నా అనుమానం వేరు. అమ్మాయీ, మూడో బొమ్మలో ఉత్తరం తలకిందులుగా ఉంది. కావాలనే పెట్టావా?

బరంపురం అమ్మాయి:
లేదక్కా. చూడలేదు. తెలుగు అక్షరాలు గుండ్రంగా బాగున్నాయని చీర అంచు పక్కన పెట్టాను. కూడబలుక్కుని చదవగలను గానీ మామయ్యతాతది గొలుసుకట్టు రాత, ఒక్క ముక్కా అర్థం కాలేదు.

పర్లాకిమిడి పాతకాపు:
చదవకుండా కోశావా! నాకు మొదటినుంచీ గుచ్చుకుంటున్నది ఇదేనమ్మా. ఫొటో సంగతి వదిలెయ్. తెలుగుదాన్నని చెప్పడానికి ఆ ఉత్తరం పెట్టావు, అందులో ఏముందో మాత్రం చూడలేదు.

గుణుపురం బండి:
అది ఆ పిల్ల తప్పా? ఒరియా బడిలో చదివింది. చదవలేని ఉత్తరం తలకిందులుగా ఉండటం నాకైతే అబద్ధంలా లేదు.

రాయగడ కోడలు:
ఫోన్ తిప్పి పట్టుకుని చదివాను. కనిపించినంత వరకు ఇదీ: “పిల్లాడిని ఒరియా బడిలో వేశావని తెలిసింది. బతుకుతెరువు అక్కడే కదా, మంచిదే. ఇంట్లో మాత్రం”. అక్కడికి కత్తెర పడింది.

బరంపురం అమ్మాయి:
ఆ పిల్లాడు మా నాన్న.

రాయగడ కోడలు:
మిగతా ముక్క ఉందా?

బరంపురం అమ్మాయి:
సంచిలో వెతుకుతున్నాను. సగం ఇంకో బొమ్మలో, మామ్మ ఫొటో కింద ఉండాలి. ఊడదీయొచ్చా?

పర్లాకిమిడి పాతకాపు:
దేంతో అంటించావు? మైదా జిగురైతే తడిగుడ్డ వేసి మెల్లిగా లేపొచ్చు. కానీ ఇంకు పెన్ను రాత, అక్షరాలు కారిపోతాయి జాగ్రత్త.

బరంపురం అమ్మాయి:
ఫెవికాల్ మావయ్యగారూ.