వాసన రాని పెయింట్‌కి రెట్టింపు పెట్టడం దండగా? (ఇంట్లో పసిపాప ఉంది)

మియాపూర్_కొత్తిల్లు
వచ్చే నెల గృహప్రవేశం. పాపకి ఏడు నెలలు, చలిగాలి తగిలితే పిల్లికూతలు వస్తాయి. షాపులో 'లో వీఓసీ, వాసన రాదు' అన్న ఎమల్షన్‌కి మామూలు దానికంటే దాదాపు రెట్టింపు చెప్పారు. వీఓసీ అంటే పెయింట్ ఆరేటప్పుడు గాల్లోకి ఆవిరయ్యే రసాయనాలట. మా మేస్త్రీ దండగ అంటున్నారు. ఎవరైనా పోల్చి చూశారా?

గోడగడియారం
నేను చూశాను. పోయిన వేసవిలో చిన్న డబ్బాలు తెచ్చాను: డిస్టెంపర్, మామూలు ఎమల్షన్, వాసన రాదన్న ఎమల్షన్ తెల్లది, అదే రకం ముదురు మెరూన్‌లో. సిమెంట్ రేకు ముక్కలకి రెండేసి కోటింగులు వేసి, ఒక రోజు నీడన ఆరబెట్టి, ఒక్కో ముక్కని ఒక్కో కొత్త గాజు సీసాలో పెట్టి మూత బిగించాను. మర్నాడు ఏది ఏదో చెప్పకుండా మా ఆవిడకీ తమ్ముడికీ ఇచ్చాను. తెల్లది ఉన్న సీసాలో ఇద్దరికీ ఏమీ తెలియలేదు. మెరూన్ మూత తీయగానే మా ఆవిడ మొహం తిప్పేసుకుంది. రెండూ ఒకే రకం పెయింట్. తేడా అల్లా షాపులో మిషన్ కింద పెట్టి కలిపిన రంగే. ఆ రంగుల్లో చాలావాటిలో గ్లైకాల్ లాంటి ద్రావకాలుంటాయి, ముదురు షేడ్‌కి అవి ఎక్కువ పోస్తారు. కాబట్టి రెట్టింపు పెట్టండి, కానీ లేత రంగే తీసుకోండి.

రంగుల_మేస్త్రీ_22
22 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ముక్కుతో పరీక్షలేంటి సార్. చెమ్మ ఆరకుండా లప్పం పెట్టి, దాని మీద ఎంత ఖరీదైన డబ్బా పోసినా ఆరు నెలల్లో పొట్టు లేస్తుంది. ముందు గోడ చూసుకోమనండి.

గోడగడియారం
అన్నా, అడిగింది పొట్టు గురించి కాదు, పాప పీల్చే గాలి గురించి. డబ్బా మీద లీటరుకి ఎన్ని గ్రాముల వీఓసీ అని రాసుందో చూడాలి. యూరప్‌లో లోపలి గోడల మ్యాట్ నీటి పెయింట్‌కి 2010 నుంచి 30 గ్రాములు దాటకూడదు. అమెరికా కేంద్ర నిబంధనలో అలాంటి పెయింట్‌కే 250 వరకు ఒప్పుకుంటారు. అంకె లేకుండా 'లో వీఓసీ' అని రాస్తే ఏం తెలుస్తుంది?

డల్లాస్_సుబ్బు
ఇక్కడ 5 గ్రాముల లోపుంటే జీరో వీఓసీ అంటారు. అదీ రంగు కలపకముందు లెక్క.

సున్నం_ఇల్లు
మా అమ్మమ్మ ఏటా సంక్రాంతికి వెల్ల వేయించేది. ఇంట్లో ఎవరికీ ఆయాసం లేదు. సున్నానికి మించింది లేదు.

రంగుల_మేస్త్రీ_22
లప్పం మీద సున్నం నిలవదమ్మా. చేయి ఆనిస్తే తెల్లగా అంటుకుంటుంది. వేసేవాడి కంట్లో పడితే ఏమవుతుందో నాకు తెలుసు.

మియాపూర్_కొత్తిల్లు
షాపులో చూపించిన డబ్బా మీద 'సీసం కలపలేదు' అని పెద్దక్షరాలతో ఉంది. అంటే మంచిదేనా?

గోడగడియారం
అది వాళ్ల గొప్పేం కాదు. ఇళ్లకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని 2016లో కేంద్రం నియమం తెచ్చింది, 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది. పాత ఇల్లయితే మాత్రం పొడిగా గీకించకండి, ఆ దుమ్ములో సీసం ఉండొచ్చు. నేను మళ్లీ చెప్తున్నాను, గ్రాముల అంకె అడగండి.

రాజమండ్రి_లక్ష్మి
అంకెలు పక్కన పెట్టండి. మేం వాసన లేనిదే వేయించాం. అయినా మా అత్తగారికి ఆయాసం పెరిగి రెండు రాత్రులు ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది. షాపువాడు నిలువునా మోసం చేశాడు. ఈ పెయింట్లన్నీ ఒకటే.

రంగుల_మేస్త్రీ_22
మేడమ్, తలుపులకి, కిటికీ గ్రిల్స్‌కి ఏం వేయించారు?

రాజమండ్రి_లక్ష్మి
మామూలుగా అందరూ వేసేదే, ఆయిల్ పెయింట్. అయితే?

రంగుల_మేస్త్రీ_22
మీ ఇంట్లో ఘాటు దానిది. ఎనామెల్‌లో టర్పెంటాయిల్ కలుపుతాం, అది రోజుల తరబడి వదలదు. గోడల మీద అనవసరంగా పడ్డారు.

రాజమండ్రి_లక్ష్మి
ఆ మాట ముందే చెప్పాల్సింది మేస్త్రీలు కాదా? తెలిసి కూడా నోరు మెదపరు. మీకు పని అయిపోతే చాలు, మా ఇంట్లో మనిషి ఏమైపోయినా పట్టదు.

రంగుల_మేస్త్రీ_22
చెప్తే వింటారా అమ్మా? నీళ్లతో కలిపే ఎనామెల్ ఉంది, వాసన బాగా తక్కువ అని నేనే ఎన్ని ఇళ్లలో చెప్పానో. ధర ఎక్కువ, మెరుపు తక్కువ అని వద్దంటారు. గోడకి మాత్రం ఖరీదైన డబ్బా, ఎందుకంటే చుట్టాలు వచ్చి చూసేది గోడే. తడి తలుపుకి దుమ్ము అంటుతుందని కిటికీలు మూయిస్తారు. బాత్రూమ్ తలుపు లోపలి వైపు వేయాలంటే ఆ గదిలోనే నిలబడాలి. బయటికొచ్చేసరికి కళ్లు తిరుగుతాయి, రాత్రి అన్నం సయించదు. మీ అత్తగారు రెండు రోజులు పీల్చారు, ఆవిడ కష్టం కష్టమే. నేను 22 ఏళ్లుగా పీలుస్తున్నాను. పాపకి మంచిదా, పెద్దావిడకి మంచిదా అని ఇంతమంది అడిగారు. వేసేవాడికి మంచిదా అని ఒక్కరూ అడగలేదు.

గోడగడియారం
మీరన్నది నిజం. నాలుగు సీసాల్లో ఒక్కదాంట్లోనూ నేను ఎనామెల్ పెట్టలేదు, ఆ ఆలోచనే రాలేదు. పెయింటర్ వృత్తి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1989లోనే తేల్చింది. ఇది చదివి కూడా నేను మా గది గురించే రాసుకుంటూ కూర్చున్నాను. అయినా అన్నా, మొదట్లోనే దండగ అనకుండా ఇది చెప్పి ఉంటే బాగుండేది.

రంగుల_మేస్త్రీ_22
దండగన్నది వాళ్ల మేస్త్రీ. నేను గోడ చూసుకోమన్నాను.

రాజమండ్రి_లక్ష్మి
నేను కోపంలో అన్నాను. కానీ మా మేస్త్రీ మాకు నీళ్ల ఎనామెల్ మాట చెప్పలేదు, అది మాత్రం నిజం.

మియాపూర్_కొత్తిల్లు
సాయంత్రం సైట్‌కి వెళ్లి మా మేస్త్రీతో మాట్లాడాను. తలుపులకి నీళ్ల ఎనామెల్, అదీ బందులు విప్పి డాబా మీద వేయిస్తున్నాం. మూడు రోజుల కూలీ ఎక్కువవుతుంది, ఇస్తానన్నాను. ముహూర్తం మార్చడానికి నాన్నగారు ఒప్పుకోలేదు. పూజ ఆ రోజే చేసి, పాపతో కాపురానికి 20 రోజులాగి వెళ్దామనుకుంటున్నాం. గ్రిల్స్ ఇప్పటికే బిగించేశారు, వాటిని ఏం చేయాలి?

రంగుల_మేస్త్రీ_22
రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టేశారా, ఇంకా లేదా? లేకపోతే నీళ్లతో కలిపే మెటల్ ప్రైమర్ అడగండి. కొట్టేసి ఉంటే బాగా ఆరనిచ్చి, ఎమరీ పేపర్‌తో రుద్దించాకే పైన వేయించండి. కిటికీలు తెరిచే ఉంచమనండి, దుమ్ము పడితే మళ్లీ రుద్దుకుంటాం.

గోడగడియారం
గోడలకి ఏ షేడ్ అనుకున్నారో కూడా చెప్పండి.