అప్‌డేట్: 40 మందికి చాక్లెట్ మింట్ కేక్

నాన్నగారి రిటైర్మెంట్ రోజుకి గుడ్డు లేకుండా 40 మందికి సరిపడా చాక్లెట్ మింట్ కేక్ ఎలా చేయాలని పోయిన వారం అడిగాను కదా. నిన్న చేశాను, చాలా బాగా వచ్చింది! సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్ అండీ.

వెనిగర్, వంటసోడా పద్ధతే పట్టుకున్నాను. 9×13 అంగుళాల ట్రేకి 3 కప్పుల మైదా, 2 కప్పుల పంచదార, అర కప్పు కోకో, 2 టీస్పూన్ల సోడా, టీస్పూను ఉప్పు జల్లించి, ముప్పావు కప్పు నూనె, 2 టేబుల్‌స్పూన్ల వెనిగర్, 2 కప్పుల నీళ్లు పోసి కలపడమే. బీటర్ అక్కర్లేదు. 180 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు పెట్టాను. మా ఓవెన్‌లో ఒక్క ట్రేనే పడుతుంది. వెనిగర్ తగలగానే పిండిలో బుడగలు లేస్తాయి, ఆలస్యం చేస్తే ఆ పొంగు పోతుంది. అందుకే మొదటిది బయటికి తీశాకే రెండోదానికి పిండి కలిపాను.

పుదీనా ఆకులు క్రీమ్‌లో వేసి కాచి చూశాను, అచ్చం పచ్చడి వాసన! పెప్పర్‌మింట్ ఎసెన్సే నయం. కానీ చాలా ఘాటు. పైన పోసే చాక్లెట్ క్రీమ్‌లో ట్రేకి పావు టీస్పూను చాలింది.

ట్రేకి 24 చొప్పున 48 ముక్కలు వచ్చాయి. నాన్నగారు అడిగి మరీ రెండో ముక్క పెట్టించుకున్నారు.